ఏడు తిరగడం వేరు, ఏడేళ్లు నిండడం వేరు

మీ పాపకు ఎన్నేళ్లు? తొందరపడి చెప్పకండి. ఇప్పుడు మీ నోటికొచ్చిన అంకె నిండిన ఏళ్లదా, నడుస్తున్న ఏళ్లదా? రెండింటికీ పెద్ద తేడా ఏముందిలే అనుకునేవారు ఈ వ్యాసం చివరిదాకా చదవాలి. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో దిద్దుకోలేని తప్పు అక్కడే జరిగింది.

సైన్యపు గుర్రాల దళంలో రిసాల్దార్‌గా పదవీ విరమణ చేసి పుదుచ్చేరికి తిరిగొచ్చాను. రిసాల్దార్ అంటే ఆఫీసరు కాదు, సిపాయీ కాదు. ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దరిచేతా మాట పడే హోదా. కరోనా ఆంక్షలు పోయి బడులు మామూలుగా నడిచిన మొదటి వేసవి అది. మే నెల మొదటి వారంలో, లాస్‌పేట అవతల కొత్తగా తెరిచిన ఒక గుర్రపుస్వారీ బడిలో ముఖ్య శిక్షకుడిగా చేరాను. ఆరు గుర్రాలు, ఇసుక పరిచిన ఒక మైదానం, ఇద్దరు సైసులు. సైసు అంటే గుర్రాన్ని తోమి, మేపి, జీను కట్టే మనిషి. జీతంలో అందరికన్నా కింద, గుర్రం సంగతి తెలియడంలో అందరికన్నా పైన.

సైన్యంలో నేను స్వారీ నేర్పింది పెద్దవాళ్లకు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు పడితే లేచి దులుపుకుంటాడు, లేవకపోతే నాలుగు తిట్లకు లేస్తాడు. పిల్లల పద్ధతి వేరు. దాన్ని నేను పుస్తకాలు చూసి, అనుభవమున్న ఒకరిద్దరు శిక్షకులను అడిగి కుదుర్చుకున్నాను. అదేమిటో ముందే చెబుతాను. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

నాలుగైదేళ్లు నిండిన పిల్లలను గుర్రం మీద కూర్చోబెట్టవచ్చు. కానీ దాన్ని పాఠం అనకూడదు. సైసు తాడు పట్టుకుని నడిపిస్తాడు, ఇంకొకరు పక్కనే పిల్ల మోకాలి మీద చెయ్యి వేసి నడుస్తారు, పదిహేను నిమిషాలు కాగానే దింపేస్తాం. ఆ వయసులో తాడు వదలడమనే మాటే లేదు. అసలు పాఠాలు ఏడేళ్లు నిండాక. ఎందుకంటే హెల్మెట్ బరువును గంటలో సగానికి పైగా మోయాలంటే మెడ గట్టిపడాలి. కాళ్లు జీను పక్కలు దాటి కిందికి దిగాలి, లేకపోతే పిల్ల కాళ్లతో చెప్పేది గుర్రానికి అందదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకేసారి రెండు మాటలు చెబితే రెండూ చెయ్యగలగాలి. మడమ కిందికి, చూపు ముందుకు. ఒకటి చేస్తూ రెండోది మరిచిపోయే పిల్ల ఇంకా స్వారీకి రాలేదని లెక్క. అది పిల్ల తప్పు కాదు, ఆ వయసు అంతే.

ఏడు నిండినవాళ్లను కూడా మొదటిరోజే గుర్రం ఎక్కించం. ఒక ఇనుప పీపాకు కాళ్లు తగిలించి దాని మీద పాత జీను బిగించాం. దాన్ని పీపా గుర్రం అనేవాళ్లం. దాని మీద కూర్చుని చేతులు పైకెత్తాలి, కళ్లు మూసుకోవాలి, జీనుకు రెండు పక్కలా వేలాడే రికాబుల్లోంచి, అంటే పాదాలు దూర్చే ఇనుప వలయాల్లోంచి, రెండు పాదాలూ ఒక్కసారే లాగి కిందికి జారాలి. ఈ చివరిది రాకపోతే తక్కినవేవీ వచ్చినట్టు కాదు. గుర్రం తోమడం, దాని భుజం దగ్గర నిలబడి నడిపించడం మొదటి వారం. రెండో వారం తాడు మీద స్వారీ. మూడో వారం తాడు తీసేసి మామూలు నడక, అది కుదిరితే చిన్న దుడుకు నడక. శిక్షకులు దాన్ని ట్రాట్ అంటారు.

దామోదరన్ అనే ఆయన రెడ్డియార్‌పాళయంలో టైల్స్ వ్యాపారం చేస్తాడు. ఎన్నో తరాల కింద ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం, మాలాగే. ఆయన తన కూతురు నివేదను, తల్లి అలమేలమ్మను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. పాప పొడగరి. అరచేతులు చాచి గుర్రాల కొట్టం వైపే చూస్తోంది. రిజిస్టరు తెరిచి నేనే వివరాలు రాసుకున్నాను. వయసెంత అని అడిగాను.

"వచ్చే నెలకు ఏడు తిరుగుతాది సార్," అన్నాడు దామోదరన్.

నేను 7 అని రాశాను. ఏడు నిండడానికి ఇంకో నెలే కదా, అంతలో ఏమవుతుందిలే అని లెక్క వేసుకున్నాను. పాప పొడుగు చూశాక అనుమానం కూడా రాలేదు. ఆయన రిజిస్టరులో సంతకం పెట్టాడు, అందరు తండ్రుల్లాగే చదవకుండా.

మన భాషలో ఏడు అంటే అంకె, ఏడు అంటే సంవత్సరం. ఏడు తిరుగుతుంది అంటే పుట్టినరోజు వస్తోంది, సంవత్సరం మారుతోంది అని అర్థం. ఆయన చెప్పింది అదే. నేను విన్నది అంకె. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి, తెలుగు చదవడం సైన్యంలో ఒక గుంటూరు హవల్దారు దగ్గర పట్టుబట్టి నేర్చుకుని, తెలుగులో వ్యాసాలు రాసే మనిషినై ఉండి, ఆ చిన్న మాట దగ్గర బోల్తా పడ్డాను. నిజానికి పాపకు ఐదు నిండి ఆరు నడుస్తోంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మొదటి వారం బాగానే గడిచింది. నివేద గుర్రాన్ని తోమడంలో పెద్ద పిల్లలకన్నా ఓపిక చూపింది. మైనా అనే పొట్టి ఆడగుర్రం దగ్గరికి వెళ్లి దాని చెవిలో ఏవేవో చెప్పేది. సైసు మురుగేశన్ నవ్వేవాడు. "ఏంది పాపా, గుర్రానికి హోంవర్క్ చెప్తా ఉండావా?" అంటే, "లేదు మామా, మైనాకు బడి లేదు, పాపం," అనేది.

రెండో వారం నుంచి నాకు విసుగు మొదలైంది. మడమ కిందికి అంటే మడమ దించేది, వెంటనే తల కూడా దించేది. చూపు ముందుకు అంటే తల ఎత్తేది, మడమ పైకి లేచేది. పాతిక నిమిషాలకు వాలిపోయేది. ఏడేళ్ల పిల్లల పాఠం నలభై నిమిషాలు. ఇవన్నీ వయసు తక్కువని చెప్పే గుర్తులు. ఆ సంగతి నాకే తెలుసు, నేనే రాసి గోడకు అంటించాను. కానీ రిజిస్టరులో 7 ఉంది కనుక నా కళ్లు వాటిని మొండితనం కింద లెక్కగట్టాయి. ఇంట్లో మూసుకుని కూర్చుని, ఫోనులో పాఠాలు విన్న కరోనా పిల్లలు కదా, చెప్పిన మాట వినే అలవాటు పోయిందని కూడా ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. రాసిన అంకెను నమ్మి కళ్లెదుట ఉన్న పిల్లను నమ్మకపోవడం కన్నా మూఢనమ్మకం ఏముంటుంది?

ఒకరోజు గట్టిగానే కసిరాను. "ఏడేళ్ల పిల్లవు, రెండు మాటలు గుర్తుండవా?" పాప బిక్కమొహం వేసింది. కర్రల కంచె దగ్గర బల్ల మీద అలమేలమ్మ కూర్చుని ఉంది. ఆమె ఆ మాట విన్న సంగతి నేను గమనించలేదు.

తర్వాతి పాఠానికి ఆమె ఒక పసుపు అంటిన కాగితాల కట్ట తెచ్చింది. తండ్రులు, తల్లులు పదిమందిదాకా ఉన్నారు. దామోదరన్ కూడా ఉన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి, "నైనా, పాప జాతకం తెచ్చినా. నీకు తెలుగు చదవను వస్తాదంట గదా. మా ఇంట్లో ఎవురికీ రాదు. ఒకపారి..." అంది.

జాతకం అన్న మాట చెవిన పడగానే నాలో పాత హేతువాద సభావేదికలు లేచాయి. జ్యోతిష్కులతో ముఖాముఖి వాదించినవాణ్ని. గ్రహాలను, దోషాలను కరపత్రాల్లో ఉతికి ఆరేసినవాణ్ని. ఆమెను మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"అక్కా, గుర్రం ఎక్కడానికి శని అనుమతి అక్కర్లేదు. కుజుడు వచ్చి పగ్గాలు పట్టుకోడు. ఆ కాగితం లోపల పెట్టుకోండి," అన్నాను.

అందరూ నవ్వారు. దామోదరన్ కూడా నవ్వి, "నువ్వు యాడికెళ్లినా దీన్నే ఎత్తుకొస్తావు గదమ్మా," అన్నాడు. ఆమె కట్టను సంచిలో పెట్టుకుంది. "సరే నైనా. నీకు నోరు బాగుండాది," అని బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. అయినా ఆ పూట చాలా సంతృప్తిగా ఉన్నాను.

మూడో వారం నివేదకు తాడు తీసేశాం. ఏడేళ్ల పిల్లల లెక్క ప్రకారం అది సరైన రోజే. మైనా మెత్తని గుర్రం, వయసు మళ్లినది, ఎవరినీ ఎప్పుడూ పడేసింది కాదు. రెండు చుట్లు మామూలు నడక బాగా నడిచింది. మూడో చుట్టులో దుడుకు నడక చెప్పాను. మైనా అడుగు వేగం పెంచింది. పాప జీను మీద ఎగిరెగిరి పడి భయపడింది. మడమ కిందికి, వెనక్కి కూర్చో అని అరిచాను. రెండు మాటలు.

చిన్న పిల్ల భయపడితే ఏం చేస్తుంది? తల్లి కడుపులో ఉన్నట్టు ముడుచుకుంటుంది. నివేద మోకాళ్లు పైకి లాక్కుని గుర్రం మెడ మీదికి వాలి జూలు పట్టుకుంది. అలా ముడుచుకున్నప్పుడు మడమలు గుర్రం డొక్కల్లో గుచ్చుకుంటాయి. డొక్కల్లో మడమ తగిలితే ఇంకా వేగంగా పొమ్మని గుర్రం అర్థం చేసుకుంటుంది. దానికి మనం నేర్పింది అదే. మైనా చెప్పినట్టే చేసింది. మలుపు దగ్గర పాప ఎడమ వైపుకు జారి ఇసుకలో పడింది. గుర్రం నాలుగు అడుగులు వేసి దానంతటదే ఆగింది.

ఎడమ చెయ్యి మోచేతి కింద వంకరగా ఉంది. పాప ఏడవలేదు. "మైనాను తిట్టొద్దు తాతా," అంది. ఆ తర్వాత ఏడ్చింది.

చెయ్యి కదలకుండా అట్టముక్క కట్టి, దామోదరన్ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అత్యవసర విభాగంలో పుట్టిన తేదీ అడిగారు. దామోదరన్ ఫోనులో జనన ధ్రువపత్రం తెరిచి చూపించాడు. గుమాస్తా చీటీ మీద రాసిన వయసు నేను ఆయన భుజం మీదుగా చదివాను. ఐదు సంవత్సరాల పది నెలలు.

"ఏడన్నారు కదా," అన్నాను.

దామోదరన్ నా వైపు వింతగా చూశాడు. "ఏడు తిరుగుతాదని చెప్పినా సార్. వచ్చే నెల పుట్టినరోజు గదా. దానికేంది ఇప్పుడు?"

అలమేలమ్మ గోడ పక్క కుర్చీలో ఉంది. సంచి ఒళ్లో ఉంది. నేను అడగకుండానే చెప్పింది. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు బిడ్డను ఏడేళ్లదని తిడతా ఉంటివి. వీడు నా మాట వినడు. తెలుగు సదివే వాడివి, నువ్వయినా తేదీ సూస్తావని తెచ్చినా. జాతకంలో గ్రహాలే కాదు నైనా, పుట్టిన పొద్దు కూడా రాసుంటారు."

వాదనలో నేను చాలాసార్లు ఓడాను. అవతలివాడి తర్కం మెరుగైతే ఓడిపోవడంలో అవమానం లేదు. ఇక్కడ నా ఎదుట ఉన్న ముసలామె సాక్ష్యం తెచ్చింది. కాగితం మీద పసుపు ఉందని నేను సాక్ష్యాన్ని చూడలేదు. హేతువాదికి ఉండాల్సిన మొదటి గుణం ఎదుటి కాగితాన్ని చదవడం. నేను చదవకుండా నవ్వించాను. ఆ రోజు ఆ ఆసుపత్రి వసారాలో ఆమె హేతువాది, నేను కాదు.

మర్నాడు బడిలో ప్రమాదాల పుస్తకం రాయాలి. ఎవరు, ఎప్పుడు, ఏ గుర్రం, ఎందుకు అన్న నాలుగు గడులు. ఎందుకు అన్నది నింపడానికి అందరూ ముందుకొచ్చారు. విమానాశ్రయం దగ్గరే కాబట్టి విమానం మోతకు గుర్రం బెదిరిందని రాస్తే పోతుందని బడి యజమాని అన్నాడు. ఆ గంటలో విమానమే రాలేదు. దిష్టి తగిలిందని, బూడిద గుమ్మడికాయ కొట్టాలని మురుగేశన్ అన్నాడు. దామోదరన్ అయితే ఫోను చేసి, "పిల్లలు పడతారు సార్, ఫర్వాలే," అని నన్నే ఓదార్చాడు. ఒకరు ఆకాశాన్ని, ఒకరు కంటిని, ఒకరు అదృష్టాన్ని పట్టుకున్నారు. మనుషులకు తమ తప్పు తప్ప ఏ కారణమైనా ఇష్టమే.

గుర్రం బెదిరిందని ఒకసారి రాస్తే ఆ రాత ఆ గుర్రం వెంట జన్మంతా తిరుగుతుంది. పిల్లల పాఠాల నుంచి తీసి ఎవరికో అమ్మేస్తారు. నేను ఇలా రాశాను. గుర్రం తప్పు లేదు. విద్యార్థిని వయసు ముఖ్య శిక్షకుడు తప్పుగా నమోదు చేశాడు. వయసుకు మించిన పాఠం ఇచ్చాడు. కింద నా పేరు, హోదా. యజమాని దాన్ని చూసి ముఖం చిట్లించాడు, కానీ పుస్తకంలో పేజీ చింపే ధైర్యం చెయ్యలేదు. రిజిస్టరులో వయసు అన్న గడిని కొట్టేసి, పుట్టిన తేదీ, కాగితం చూసిన వారి సంతకం అని రెండు గడులు గీశాను. పాఠం మొదలుపెట్టే ముందు పీపా గుర్రం మీద రెండు మాటల పరీక్ష తప్పనిసరి చేశాను. వయసు నిండినా ఆ పరీక్షలో నిలవకపోతే ఆరు నెలలు ఆగమనేవాణ్ని. చాలామంది తండ్రులకు కోపం వచ్చేది. పక్కింటివాళ్ల అబ్బాయి మద్రాసులో ఐదేళ్లకే పోటీలకు వెళుతున్నాడని ఒకాయన నాతో అరగంట వాదించాడు. ఆ అబ్బాయి మెడను అడగండి అన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

నివేద చెయ్యి కట్టు విప్పాక బాగానే అతికింది. రెండేళ్ల తర్వాత, అప్పటికి నిజంగానే ఏడు దాటాక, అలమేలమ్మతో కలిసి బడికి వచ్చింది. ఇంకా పొడుగైంది. మైనా దగ్గరికి వెళ్లి గడ్డి పెట్టింది. ఎక్కుతావా అని అడిగాను.

"లేదు తాతా. మేత పెడతా," అంది.

పీపా గుర్రం మీదైనా కూర్చోమన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంకొక్కసారి అడగడానికి నోరు తెరిచాను. అలమేలమ్మ నా వైపు చూసింది. ఊరుకున్నాను. ఆ పిల్ల ఇప్పటిదాకా గుర్రం ఎక్కలేదు. ముందు ముందు ఎక్కుతుందేమో, నాకు తెలియదు. ఆ మే నెలలో తాడు మీద పదిహేను నిమిషాలు తిప్పి పంపి ఉంటే, ఈపాటికి ఆ మైదానంలో అందరికన్నా బాగా స్వారీ చేసేది ఆమేనని నా వృత్తి అనుభవం చెబుతోంది. గుర్రాన్ని అంతగా ఇష్టపడ్డ పిల్లను నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు. ఒక ఏడాది రెండు నెలల తొందర ఆ ఇష్టాన్ని కంచెకు అవతలే నిలబెట్టింది.

ఇక ఈ ఉద్యోగం కూడా మానేశాను. మోకాళ్లు సహకరించడం లేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను చేసి, మా పిల్లను ఎప్పుడు చేర్చాలి సార్ అని అడుగుతారు. చెప్పి చెప్పి అలసిపోయాను, అందుకే రాస్తున్నాను. నిండిన ఏళ్లు చెప్పండి. కాగితం చూసి చెప్పండి. నాలుగు, ఐదు నిండితే తాడు మీద కాసేపు తిప్పమనండి, దాన్ని స్వారీ అని బంధువులకు చెప్పుకోకండి. ఏడు నిండితే, పిల్లకు ఇష్టముంటే, చేర్చండి. మడమ ఉన్న బూట్లు, గడ్డం కింద బిగిసే హెల్మెట్ లేకుండా కొట్టంలోకి కూడా అడుగు పెట్టనివ్వకండి.

అంతకన్నా ముందు ఒక పని చేయండి. పిల్లను ఇంట్లో ఉంచి మీరొక్కరే ఒక ఉదయం ఆ బడికి వెళ్లండి. ఒక పాఠం మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూడండి. తర్వాత శిక్షకుణ్ని పిలిచి, ఈమధ్య ఏ పిల్లను ఇంకా వయసు చాలదని వెనక్కి పంపారో అడగండి. ఆయన వెంటనే ఒక పేరు చెప్పగలిగితే మీ పిల్లను తీసుకురండి. అలాంటి పిల్ల ఎవరూ లేరని చెబితే, ఆయన ఎంత మర్యాదగా మాట్లాడినా, బడి ఎంత అందంగా ఉన్నా, ఆ గేటు దాటి బయటికి వచ్చేయండి.